నైరుతి తలుపు

నమ్మి చెడినవాళ్ళు లేరని అంటారు. ఆ మాట అన్నవాడు ఎవరో గానీ మిరపకాయలు అమ్మి మాత్రం ఉండడు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు నాన్న నన్ను బస్తాల మీద కూర్చోబెట్టుకుని గుంటూరు కమిషన్ కొట్టుకి తీసుకెళ్ళేవాడు. పైన ఎర్రటి కాయ నిగనిగలాడుతుంటే అడుగున రంగు వెలిసిన తాలుకాయ ఉంటుందనీ, కాయ చేతికి మెత్తగా తగిలితే బస్తా మీద నీళ్ళు చల్లారనీ, కాటా దగ్గర నిలబడి మరీ నవ్వుతూ కబుర్లు చెప్పేవాడి కాలు ఎక్కడుందో చూసుకోవాలనీ అక్కడే నేర్చుకున్నాను. తర్వాత మద్రాసులో పెద్దమ్మ ఇంట్లో ఉండి కెమిస్ట్రీ చదివాను. రెండు చదువుల్లో ఏది ఎక్కువ పనికొచ్చిందంటే మొదటిదే అంటాను.

అరవైల మొదట్లో నేను గుంటూరులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా ఉండేదాన్ని. కాలేజీ వెనక ఒక పాత మేడ ఉండేది. తెల్లవాళ్ళ కాలంలో సైన్సు క్లాసుల కోసం కట్టింది. ఎర్ర ఇటుక, గానుగ సున్నం, బర్మా టేకు దూలాలు, నిచ్చెన వేస్తే గానీ అందని కిటికీలు. యుద్ధం రోజుల్లో దాన్ని గోదాము చేసి, ఆ తర్వాత గబ్బిలాలకి వదిలేశారు. యూనివర్సిటీ వాళ్ళు అందులో తమ సైన్సు క్లాసులు పెడతామని, బాగు చేసి ఇవ్వమని అడిగారు. ఈలోగా పురాతన కట్టడాల శాఖ దాన్ని తన జాబితాలో చేర్చింది. అంటే ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి. కొత్త గోడ లేపకూడదు, ఉన్న గుమ్మం మూయకూడదు, సిమెంటు ముట్టుకోకూడదు. ఊరి పెద్దలు కమిటీ వేసుకుని పని మొదలుపెట్టారు. కమిటీ ప్రెసిడెంటు ఎవరో కాదు, మా నాన్న మిరపకాయలు తీసుకెళ్ళే కమిషన్ కొట్టు యజమానే. ఆయన నాన్నని అన్నయ్యా అనేవాడు, నేను ఆయన్ని బాబాయి గారూ అనేదాన్ని.

యూనివర్సిటీ వాళ్ళు ఇంకో షరతు పెట్టారు. ఆడపిల్లలకి విడిగా ఒక గది, ఆ గదిలోకి బయటి నుంచి విడిగా ఒక దారి ఉంటేనే వాళ్ళకి సీట్లు ఇస్తారట. ఆ మేడ మొత్తంలో అలాంటి గది ఒక్కటే. నైరుతి మూలన, పూర్వం త్రాసులు పెట్టుకున్న చిన్న గది. దానికి దక్షిణపు గోడలో బయటికి ఒక తలుపు. ఆ తలుపు ఉంటే మా చెల్లెలికి బి.ఎస్సీ. చదువు ఉంటుంది, లేకపోతే లేదు. అది నాకంటే చాలా చిన్నది. అమ్మ పోయాక నాయనమ్మ చేతి కింద పెరిగి, పుస్తకం కనిపిస్తే అన్నం మరిచిపోయే పిల్ల. ఆ ఏడు పి.యు.సి. పరీక్ష రాసింది. మద్రాసులో పెద్దమ్మ పోయింది, హాస్టలంటే నాన్న వినడు. మా కాలేజీలో బి.ఎస్సీ. లేదు కాబట్టి, గుంటూరులో నా అద్దె గదిలో ఉండి ఆ మేడలో చదవడం ఒక్కటే దారి.

నాన్న మాట కూడా ఇచ్చాడు. అదీ ఇంట్లో కాదు, కమిషన్ కొట్టులో, పదిమంది రైతుల ముందు. "చిన్నమ్మాయిని కూడా చదివిస్తావా అన్నయ్యా, పెద్దదాంతో సరిపెడతావా?" అని ప్రెసిడెంటు గారు హాస్యానికి అడిగితే, నాన్న మీసం దువ్వి, "సీటొస్తే చదివిస్తా. ఇదే మాట," అన్నాడు. మా వైపు కొట్టులో అన్న మాటకి కాగితం అక్కర్లేదు. దాన్ని తప్పినవాడి కాయ మరుసటి ఏడు ఎవడూ ముట్టుకోడు. ఆ మాట విని నేను ధైర్యంగా ఉన్నాను. నాన్న సంగతి తేలిపోయింది కాబట్టి ఇక మిగిలినవాళ్ళని కనిపెట్టుకుని ఉంటే చాలనుకున్నాను.

వేసవి సెలవులు ఇచ్చారు. నేను ఊరికి వెళ్ళలేదు. రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని మేడ దగ్గరికి వెళ్ళేదాన్ని.

మొదటి అనుమానం కాంట్రాక్టరు మీద. సున్నంలో దొంగచాటుగా సిమెంటు కలుపుతున్నాడని నాకు గట్టి నమ్మకం. అడగకుండానే, "మేం సిమెంటు ముట్టం తల్లీ" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఒకరోజు లాబులోంచి యాసిడ్ సీసా తెచ్చి గోడ మీద చుక్క వేశాను. బుసబుసా పొంగింది. సిమెంటు గోడ మీద వేసినా పొంగుతుందని తర్వాత గుర్తొచ్చింది. నా చదువుతో ఏమీ తేలలేదు గానీ, ఆ రోజు నుంచి కాంట్రాక్టరు నన్ను చూస్తే పక్కకి తప్పుకునేవాడు. అది చూసి నా అనుమానం ఇంకా బలపడింది.

రెండో అనుమానం ఫిజిక్సు హెడ్డు మీద. ఆ చిన్న గది తనకి డార్కు రూముగా కావాలని ఆయన కోరిక. "కిటికీ ఒకటే కదా, ఆ తలుపు కూడా లేకపోతే ఎంత చక్కగా చీకటిగా ఉంటుంది!" అని నా ఎదుటే నిట్టూర్చాడు. మూడో అనుమానం కట్టడాల శాఖ ఓవర్సీరు మీద. పొడుగ్గా, సన్నగా, పలకరిస్తే పలికేవాడు కాదు. పది రోజులకోసారి వచ్చి టేపు పట్టి ప్రతి గుమ్మాన్నీ కొలిచేవాడు. కొలిచిందే కొలవడం ఎందుకు? ఎవరో ఎక్కడో కుదించమంటేనే కదా? ఆయన టేపు ఎత్తిన చోటల్లా నేను వెనకాలే వెళ్ళి నిలబడేదాన్ని. ఆయన నా వంక చూసేవాడు, నేను ఆయన వంక చూసేదాన్ని. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంతలో ఎవరు లేవదీశారో, నైరుతి మాట పుట్టింది. నైరుతి మూల ద్వారం ఉండకూడదని, అందుకే ఆ మేడ ఇన్నేళ్ళు పాడుపడిందని, అదే తలుపుతో మళ్ళీ తెరిస్తే కాలేజీకి కీడని. న్యూటను సూత్రాలు చెప్పేవాళ్ళు కూడా తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తెల్లవాళ్ళు ఆ తలుపులోంచే తిరిగి మనల్ని అన్నేళ్ళు ఏలారు కదండీ, వాళ్ళకి కీడెందుకు జరగలేదు?" అని జీతాల రోజున స్టాఫు రూములో అడిగాను. "వాళ్ళు వెళ్ళిపోలా?" అన్నాడు ఫిజిక్సు హెడ్డు. అందరూ నవ్వారు.

ఈ గొడవంతటిలో నాకు కొండంత అండ నాన్నే. ఎందుకంటే ఆయన ఇప్పుడు ఊళ్ళో కాదు, మేడ దగ్గరే ఉంటున్నాడు. సున్నం నూరడానికి గానుగ కావాలి. నేలలో గుండ్రంగా కాలవలా కట్టి, అందులో సున్నం, ఇసుక వేసి, బెల్లం కరక్కాయ నానిన నీళ్ళు పోస్తూ రాతి చక్రాన్ని ఎద్దులతో తిప్పిస్తారు. ఆ చక్రానికి మా ఎద్దులే కట్టారు. ఒంగోలు జత, తెల్లగా, మూపురాలు ఊగుతూ నడుస్తుంటే రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సొంత తమ్ముడు ఒక పూట దుక్కికి అడిగితే ఇవ్వని మనిషి, కాలేజీకి ఊరికే ఇచ్చాడు. "సరస్వతి పని గదమ్మా," అన్నాడు. బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి చూసే నేను, ఈ బస్తా మూతి కూడా విప్పలేదు.

బెల్లపు నీళ్ళకి ఈగలు ముసిరేవి. నాన్న గానుగ పక్కన గొడుగు వేసుకుని కూర్చుని ఎద్దుల మీద ఈగ వాలకుండా చూసుకునేవాడు. మధ్యాహ్నం నేను క్యారేజీలో అన్నం తీసుకెళ్ళేదాన్ని. తింటూ నేను చెప్పే అనుమానాలన్నీ వినేవాడు.

"ఫిజిక్సాయన సంగతి చూసుకో. నవ్వేవాణ్ణి నమ్మగూడదు," అనేవాడు.

"ఓవర్సీరు నవ్వడు గదా నాన్నా?"

"నవ్వనోణ్ణి అసలు నమ్మగూడదు."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నాన్నతో అంత దగ్గరగా కూర్చున్నది చిన్నప్పుడు బస్తాల మీదే, మళ్ళీ అప్పుడే. ఆ మధ్యాహ్నాలు నాకెంత ఇష్టమో చెప్పలేను.

చెల్లెలు ఫస్టు క్లాసులో పాసయింది. జూన్ వచ్చింది. ఒక సాయంత్రం తూర్పున మబ్బు పట్టి, నాలుగు చినుకులు రాలి మట్టి వాసన లేచింది. తొలకరి. ఆ వాసన తగిలితే మా వైపు రైతు కాలు నిలవదు, దుక్కి దున్నుకోవాలి. మేడ లోపల పూత ఇంకా సగంలో ఉంది. ఎద్దులు వెళ్ళిపోతే పని ఆగిపోతుందని ప్రెసిడెంటు గారు పరుగున వచ్చాడు. నేను వరండాలో ఉన్నాను. ఆయనా నాన్నా గానుగ అవతల నిలబడి చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. నాకేమీ వినపడలేదు. చివరికి నాన్న భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

మిర్చి బేరం తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ధర కానిది కూడా ఖాయం చేసుకోవాలంటే అలాగే చెయ్యి కలుపుతారు. తువ్వాలు తీశాక ఇక ఆ బేరానికి తిరుగు లేదు. నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఎద్దుల్ని విప్పలేదు. నాకు ఒళ్ళు పులకరించింది. తొలకరిని కూడా కాదనుకుని, ఎద్దుల్ని అడ్డం పెట్టి, నా చెల్లెలి తలుపు కాపాడాడు అనుకున్నాను. ఆ సాయంత్రం గదికి వెళ్ళి చెల్లెలు కాలేజీకి కట్టుకోబోయే చీర మీదకి జాకెట్టు గుడ్డ కూడా కత్తిరించి పెట్టాను.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఆ చిన్న గదిలో తాపీ మేస్త్రి ఇటుకలు పేరుస్తున్నాడు. తలుపు అలాగే ఉంది. చెక్క కదల్లేదు, గడియ కదల్లేదు. దాని వెనక, గది లోపలి వైపు మాత్రం గోడ లేస్తోంది. బయటి నుంచి చూసేవాడికి తలుపు కనిపిస్తుంది, ఓవర్సీరు టేపు పెట్టి కొలుచుకుంటే కొలతలూ సరిపోతాయి. లోపలి నుంచి సున్నం పూస్తే అక్కడ గుమ్మం ఉండేదని ఎవరికీ తెలియదు. ఎంత తెలివి! నేను మేస్త్రి మీద అరిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ప్రెసిడెంటు గారి కొట్టుకి దాదాపు పరుగెత్తాను.

కొట్టులో కాటా నడుస్తోంది. ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు. నేనూ తుమ్ముతూనే పోట్లాటకి దిగాను.

"బాబాయి గారూ, మా నాన్నకి మాటిచ్చి ఇదేం పనండీ? తలుపు ఉంచుతానని నిన్న తువ్వాలు కింద చెయ్యి కలపలేదూ?"

ఆయన నా ముఖంలోకి చూసి, కాటా ఆపమని చెయ్యెత్తాడు. అంతమందిలో అంత నెమ్మదిగా మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు.

"ఉంచుతానని కాదమ్మా. మూయిస్తానని. వాస్తు సంగతి మొదట నా చెవిన వేసిందీ మీ నాన్నే. నాకు పట్టింపు లేదు, తలుపుంటే ఏంటి, లేకపోతే ఏంటి? కానీ ఎద్దులు పోతే పనాగిపోద్ది. తలుపు మూస్తే పూత అయ్యేదాకా ఎద్దులుంటాయన్నాడు. చెయ్యి కలిపా. ఇప్పుడు నువ్వొచ్చి అడిగినా మాట తప్పలేను గదా?"

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? కొట్టు నుంచి మేడ దాకా ఎలా నడిచానో గుర్తులేదు. నాన్న బకెట్టుతో ఎద్దులకి నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూడగానే అర్థమైపోయినట్టుంది, బకెట్టు కింద పెట్టాడు.

"చదివిస్తానని పదిమందిలో అన్నావు," అన్నాను.

"సీటొస్తే అన్నా. వస్తే ఇప్పటికీ చదివిస్తా. నేను మాట తప్పలా."

"రాకుండా చేసుకుని?"

ఆయన ఎద్దు మెడ కింద గోకుతూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ కోపం అంతకంటే ముందొచ్చింది. నలుగురూ చూస్తున్నా లెక్కచేయకుండా అరిచాను. నన్ను చదివించినప్పుడు ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకోలేదా అన్నాను. మీసం దువ్వుకోలేదా అన్నాను. చెల్లెలికేం తక్కువన్నాను. అంతా విని, అప్పుడన్నాడు:

"నిన్ను చదివించా. ఏమైంది? పండక్కి రెండు రోజులు ఇంటికొస్తావు. నాయనమ్మ పెట్టిన కంచం వంక అట్టా చూస్తావు, నా వంక అట్టా చూస్తావు. బస్తాలో చెయ్యి పెట్టి చూసినట్టు. నీ కంటికి మేం ఆనం. ఒక కూతుర్ని పోగొట్టుకున్నా. రెండోదాన్ని గూడా ఎట్టా పోగొట్టుకోమంటావ్?"

"నేనిక్కడే ఉన్నాగా నాన్నా," అన్నాను.

"యాడున్నావ్?" అన్నాడు.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అలా చూడటం నాకు నేర్పింది నువ్వే కదా అని నోటి దాకా వచ్చింది, అనలేకపోయాను. చెల్లెలి చేతిలో ఇప్పుడే ఫస్టు క్లాసు మార్కులు ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి అది కల్లంలో మిరపకాయలు ఏరుతూ ఉంటుంది. నా గుండె మండిపోతోంది, నాన్న మీద జాలీ వేస్తోంది. రెండూ ఒకేసారి భరించడం నావల్ల కాలేదు.

ఓవర్సీరు ఆ వారంలోనే వచ్చాడు. అప్పటికి గోడ పూర్తయింది, పైన ఒక పూత కూడా పడింది. ఆయన ఎప్పటిలాగే బయటి నుంచి నైరుతి తలుపుకి టేపు పెట్టి కొలిచి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వెళ్ళబోయాడు. గానుగ దగ్గర నాన్న నా వంకే చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ధర చెప్పాక అవతలివాడు లేచిపోతాడా కూర్చుంటాడా అని చూసే చూపు.

"ఆ తలుపు ఒకసారి తీయించండి," అన్నాను ఓవర్సీరుతో.

"ఎందుకండీ? బాగానే ఉందిగా?"

"తీయించండి."

"ఇందులో మీకేమిటి?" అన్నాడు. అంతకాలం నా అనుమానం అంతా మోసిన మనిషి, ఇప్పుడు నన్ను అనుమానంగా చూస్తున్నాడు.

"మా చెల్లెలు," అన్నాను.

గడియ తీసి తలుపు లాగితే ఎదురుగా తడి సున్నపు గోడ. ఆయన ముఖం ఎర్రబడింది. ఎవరు చేయించారని అడిగాడు. నేను పలికాను. ప్రెసిడెంటు గారి పేరు చెప్పి ఊరుకోవచ్చు, చెయ్యి కలిపింది ఆయన కాబట్టి అబద్ధమూ కాదు. కానీ ఆయన్ని ఒక్కణ్ణే బలిపెట్టడం న్యాయం కాదనిపించింది. "ప్రెసిడెంటు గారూ, అదుగో ఆయనా. ఆయన మా నాన్న," అని గానుగ వైపు చూపించాను. చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

గానుగ సున్నం గట్టిపడటానికి నెలలు పడుతుంది. మేస్త్రి గునపం పెట్టగానే ఇటుకలు వాటంతట అవే ఊడివచ్చాయి. అన్నీ తీసేదాకా ఓవర్సీరు అక్కడే నిలబడ్డాడు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే పనే ఆపించేస్తానని ప్రెసిడెంటు గారికి కబురు పంపి మరీ వెళ్ళాడు. నాన్న ఎద్దుల మెడల మీద నుంచి కాడి దించాడు. సత్తెనపల్లి రోడ్డు పట్టుకుని వాటి వెనక నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు. ఆ పూట తెచ్చిన క్యారేజీ అలాగే వెనక్కి తీసుకెళ్ళాను. మిగతా పూతకి కమిటీవాళ్ళు వేరే జతని కుదుర్చుకున్నారు.

ఆడపిల్లలకి సీట్లు ఇస్తారని యూనివర్సిటీ వాళ్ళు ప్రకటించారు. మా చెల్లెలికి వచ్చింది. నాన్న మాట తప్పలేదు. చేరవలసిన రోజున తనే బస్సులో తీసుకొచ్చాడు, నెత్తిన ట్రంకు పెట్టె, చేతిలో కందిపొడి డబ్బా. మేడ కొత్త సున్నంతో వెన్నలా మెరుస్తోంది. నేను వాళ్ళని నైరుతి తలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే కొందరు ఆడపిల్లలు లోపల కూర్చుని, కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నారు. చెల్లెలి కళ్ళు పెద్దవయ్యాయి. సంతోషం పట్టలేక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాన్న ట్రంకు పెట్టె దించి, చెల్లెలితో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నాకు వినపడాలనే అన్నాడు.

"చిన్నమ్మాయ్, నువ్వు చదవకుండా నేను గోడ కట్టిచ్చా. మీ అక్క కన్నతండ్రి మీద పైవాళ్ళకి చెప్పి ఆ గోడ తీపిచ్చింది. నీకు సీటొచ్చింది దానివల్లే. రెండూ గుర్తుపెట్టుకో."

నా చేతిలో దాని చెయ్యి మెల్లగా వదులైంది. అది నాన్న వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. అంతకుముందెప్పుడూ అది నన్ను అలా చూడలేదు.

మా చెల్లెలు బుద్ధిమంతురాలు, రెండూ గుర్తుపెట్టుకుంది. డిగ్రీ అయ్యేదాకా నా గదిలోనే ఉంది, నేను వండిందే తింది, పరీక్షలప్పుడు నా చేతే పాఠాలు చెప్పించుకుంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ట్రంకు పెట్టెకి మాత్రం తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో గొలుసుకి కట్టుకుని పడుకునేది.